పద్యం లేని రాయబారం

మా ఊళ్ళో దూరదర్శన్ మహాభారతాన్ని కొత్త కథగా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. 1988 అక్టోబరు 2న అది మొదలయ్యేనాటికే అందరి బుర్రల్లోనూ ఒక భారతం స్థిరపడిపోయి ఉంది. అందులో కృష్ణుడికి ఎన్టీ రామారావు మొహం. ఘటోత్కచుడిది ఎస్వీ రంగారావు నడక. ద్రౌపదివి సావిత్రి కళ్ళు. రాయబారం అంటే హార్మోనియం, తెల్లవార్లూ పద్యాలు. బి.ఆర్. చోప్రా బొంబాయి నుంచి పంపిన భారతం ప్రతి ఆదివారం పొద్దున ఈ పాత భారతం ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చేది. మార్కులు వేసేది మా తాతయ్య, నాయనమ్మ, మేనత్త. పిల్లవాణ్ణి కాబట్టి నన్ను అడిగినవాళ్ళు లేరు. నా మార్కులు ఇప్పుడు వేస్తాను.

మాది తెనాలి దగ్గర పల్లె. టీవీ రైసుమిల్లువాళ్ళ ఇంట్లో ఉండేది. హైదరాబాదు ఈసీఐఎల్ వాళ్ళ ఈసీ టీవీ, బ్లాక్ అండ్ వైట్. డాబా మీద యాంటెన్నా కొండపల్లి టవర్ వైపు తిరిగి ఉండాలి. కాకి వాలితే బొమ్మ పోయేది. పైన ఒకడు తిప్పుతుంటే కింద నుంచి "వచ్చింది, వచ్చింది, పోయింది" అని అరిచేవాళ్ళం. ఇదంతా ఇప్పటికే చాలామంది రాసేశారు, 'అంతరాయానికి చింతిస్తున్నాము' బోర్డుతో సహా. అందుకని దాటేస్తున్నాను. శుక్రవారం చిత్రలహరి గురించీ, 1983 నవంబరు 14న తెలుగులో తొలి టీవీ వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారి గురించీ ఇంకెప్పుడైనా.

మాకు అసలు చిక్కు హిందీతో. మా మేనత్త దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు ఒక్కొక్కటీ కట్టుకుంటూ రాష్ట్రభాష దాటి విశారదకి చదువుతుండేది. అందుకని మిల్లువాళ్ళ హాల్లో ఆడవాళ్ళందరూ చాప మీద కూర్చుంటే ఆవిడకు మాత్రం కుర్చీ వేసేవాళ్ళు. పాత్ర మాట్లాడగానే ఈవిడ తెలుగులో చెప్పాలి. చెప్పడం పూర్తయ్యేలోపు సీను మారిపోయేది. తాతయ్య అంతసేపు ఆగే మనిషి కాదు. "ఇప్పుడు విదురుడు లేస్తాడు చూడు" అనేవాడు. విదురుడు లేచేవాడు. ఆ మాటల్లో సంస్కృతం పాలు ఎక్కువ కాబట్టి ఆయనకు సగం వాటంతట అవే అర్థమయ్యేవి. మాటలు రాసినాయన రాహీ మాసూమ్ రజా అనే ముస్లిం రచయిత అని అత్త ఏదో హిందీ పత్రికలో చదివి చెబితే, తాతయ్య కాసేపు ఆలోచించి, "సంస్కృతం ఎవరి దగ్గర చదువుకున్నాడో కనుక్కోమ్మా" అన్నాడు. అది మెచ్చుకోలు. ఆయన మెచ్చుకుంటే అలాగే ఉండేది.

దీనికి ముందు రామానంద్ సాగర్ రామాయణం, 1987 జనవరి నుంచి 1988 జూలై దాకా. దాని మీద మావాళ్ళకు పేచీ తక్కువ. టీవీకి బొట్టుపెట్టి, చెప్పులు గుమ్మం బయట విడిచి కూర్చునేవాళ్ళు. అరుణ్ గోవిల్ చిరునవ్వు నాయనమ్మకు నచ్చింది. 1963లో లవకుశ చూసినావిడకు ఇంకో రాముడు నచ్చడమంటే మాటలు కాదు. తేడా వచ్చింది రావణుడి దగ్గర. సీతారామ కల్యాణంలో ఎన్టీఆర్ రావణుడు కైలాసం కింద పేగులు తీసి వీణగా మీటుతాడు. అది చూసినవాళ్ళకు అరవింద్ త్రివేది ఎంత గట్టిగా నవ్వినా ఒక మెట్టు కిందే ఉన్నట్టనిపించేది. నాకైతే ఆయన బాగానే చేశాడనిపిస్తుంది. ఆయన రావణుడికి తను గెలుస్తానన్న నమ్మకం చివరిదాకా పోదు, అది చాలా కష్టం.

ఇక భారతం. అందరికంటే ఎక్కువ నిరాశపడింది నాయనమ్మ. ఆవిడ మొదటి వారం నుంచీ ఎదురుచూసింది శశిరేఖ కోసం. 1957 మాయాబజార్ సరేసరి, చిన్నప్పుడు సురభివాళ్ళ నాటకంలో కూడా చూసిన పెళ్ళి అది. విరాటపర్వం అయింది. అభిమన్యుడు ఉత్తరను చేసుకున్నాడు. నాయనమ్మ అత్త వైపు తిరిగి, "మరి శశిరేఖో?" అంది. వ్యాసుడి భారతంలో శశిరేఖ పెళ్ళి లేదమ్మా అని అత్త నచ్చజెప్పబోయింది. "వ్యాసుడు రాయకపోతే కేవీ రెడ్డికి ఎలా తెలిసింది?" అని నాయనమ్మ ప్రశ్న. హాల్లో ఎవరూ దానికి జవాబు చెప్పలేకపోయారు. ఆ సినిమా గొప్పతనానికి దీన్ని మించిన సర్టిఫికెట్ నేను ఇంతవరకు చూడలేదు. పంచపాండవులు ఒక్క సీనులోనూ కనబడకుండా భారతం సినిమా తీసి, దాన్నే అసలు భారతమని తరాలపాటు నమ్మించారు.

ఘటోత్కచుడి దగ్గర దెబ్బ పిల్లలకు తగిలింది. మాకు ఆయన వివాహభోజనంబు పాడే మనిషి. గద భుజాన వేసుకుని తిరుగుతూ అందర్నీ ఆటపట్టించే మేనమామలాంటివాడు. అలాంటివాణ్ణి ఈ హిందీవాళ్ళు రాత్రి యుద్ధంలోకి దింపి, కర్ణుడి శక్తి ఆయుధంతో చంపేశారు. వ్యాసుడు రాసిందే అది. మాకు మాత్రం ఎవరూ అంతవరకు చెప్పలేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం కొబ్బరి ఈనెల బాణాలతో యుద్ధం ఆడుకోలేదు మేము.

దుర్యోధనుడి విషయంలో ఊళ్ళో మగవాళ్ళంతా ఒకే పార్టీ. 1977 సంక్రాంతికి వచ్చిన దానవీరశూరకర్ణ నేను పుట్టకముందు సినిమా. అయినా మా తరానికి అందులో డైలాగులు ఎక్కాలకంటే ముందు వచ్చేశాయి. శ్రీరామనవమి పందిట్లో, పెళ్ళిళ్ళలో మైక్ సెట్టువాళ్ళు పాటలు ఆపి ఆ సినిమా మాటల రికార్డు వేసేవాళ్ళు. కొండవీటి వెంకటకవి రాసిన ఆ మాటలకు, అర్థం తెలియని వయసులోనే, ఎక్కడ ఊపిరి పీల్చాలో కూడా తెలిసిపోయింది. ఎన్టీఆర్ కృష్ణుడూ తనే, కర్ణుడూ తనే, దుర్యోధనుడూ తనే, డైరెక్టరూ తనే. సినిమా నాలుగు గంటలకు దగ్గర. నా అభిప్రాయం అడిగితే కర్ణుడి పేరు పెట్టి దుర్యోధనుడి సినిమా తీశాడాయన. భానుమతితో దుర్యోధనుడికి డ్యూయెట్ పెట్టే ధైర్యం ఇంకెవరికుంది? అలాంటి దుర్యోధనుణ్ణి నెత్తిన పెట్టుకున్న ఊరికి, పునీత్ ఇస్సార్ పళ్ళు కొరుకుతూ కనబడేసరికి చప్పగా అనిపించింది. మల్లయుద్ధానికి బాగుంటాడు గానీ సింహాసనానికి చాలడని తేల్చేశారు. నేనూ అదే అంటాను.

మయసభలో ద్రౌపది "గుడ్డివాడి కొడుకు గుడ్డివాడే" అన్నప్పుడు మాత్రం నాయనమ్మ ఊరుకోలేదు. "ఆ ఇంటి కోడలు మామగారిని పట్టుకుని అంత మాట అంటుందా ఎక్కడన్నా?" అంది. చదువు రాని మనిషి ఆవిడ, కానీ సరిగ్గా పట్టుకుంది. వ్యాసుడి భారతంలో ఆ మాట లేదు. ఆ ఒక్క డైలాగుతో, రాబోయే ఘోరానికంతటికీ ద్రౌపది నోరే కారణమన్నట్టు చేసిపెట్టారు. సీరియల్లో నేను ఇప్పటికీ క్షమించలేని చోటు అదే.

విచిత్రమేమిటంటే, అదే సీరియల్ కొన్ని వారాల తర్వాత జూదం, వస్త్రాపహరణం దగ్గరకొచ్చి మొత్తం భారతంలో ఉత్తమమైన ఎపిసోడ్లు తీసింది. రూపా గంగూలీ సభలో ఒక్కొక్కరి ముందూ నిలబడి అడుగుతుంది. ధర్మరాజు ముందు తనను తాను ఓడిపోయాక నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిది అని. భీష్ముడి దగ్గర జవాబు లేదు. ద్రోణుడు తల దించుకున్నాడు. అత్త అనువాదం ఆపేసింది, ఎవరూ చెప్పమనలేదు కూడా. మిల్లువాళ్ళ హాల్లో చంటిపిల్లలు తప్ప ఎవరూ చప్పుడు చేయలేదు.

భీముడు లేచాడు. శపథం చేస్తున్నాడు, హిందీలో, వచనంలో. తాతయ్య టీవీకేసి చూస్తూనే, పైకి వినబడీ వినబడనట్టు 'ధారుణి రాజ్యసంపద మదంబున' ఎత్తుకున్నాడు. నన్నయగారి పద్యం. 1965 పాండవ వనవాసంలో ఎన్టీఆర్ భీముడికి ఘంటసాల పాడిన పద్యం. ఆయన మొదలుపెట్టగానే పక్కన ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు కలిశారు. తెరమీద భీముడి పెదాలు ఒకటి అంటున్నాయి, హాల్లో ఇంకొకటి వినబడుతోంది. తొమ్మిది వందల ఏళ్ళనాటి పద్యం, పాతికేళ్ళనాటి సినిమా, ఆ పొద్దున్నే ఢిల్లీ నుంచి వచ్చిన ఎపిసోడ్ మూడూ కలిసిపోయిన ఆ నిమిషం లాంటిది నాకు ఏ థియేటర్లోనూ, ఏ డాల్బీలోనూ మళ్ళీ దొరకలేదు. చోప్రాగారికి ఈ సంగతి తెలిస్తే రాయల్టీ ఎవరికివ్వాలో తేల్చుకోలేకపోయేవాడు.

తాతయ్య అసలు కాచుకుని ఉన్నది రాయబారం కోసం. ఆయనకు ఉన్న ఒకే ఒక దుబారా నాటకాలు. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఎక్కడ ఆడినా బండి కట్టించుకుని పోయేవాడు. పీసపాటి నరసింహమూర్తిగారి కృష్ణుడు, షణ్ముఖి ఆంజనేయరాజుగారి కృష్ణుడు అంటూ ఒక్కొక్కరి ఆలాపన ఎక్కడ విరుగుతుందో చెప్పేవాడు. కంట్రాక్టు నాటకాల్లో ఒకే రాత్రి పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు వస్తారు. జనం ఇద్దర్నీ కృష్ణుడిగానే చూస్తారు, ఒన్స్ మోర్ కొట్టి చెరో పద్యం రెండోసారి పాడిస్తారు. (తర్వాత్తర్వాత జెమినీలో అమృతం సీరియల్‌కి శివాజీరాజా పోయి నరేష్, నరేష్ పోయి హర్షవర్ధన్ వస్తే అందరూ గోల పెట్టారు. తాతయ్య తరానికి అది అసలు సమస్యే కాదు.)

టీవీలో పడక సీను వచ్చింది. దుర్యోధనుడు తలవైపు కూర్చున్నాడు, అర్జునుడు కాళ్ళవైపు నిలబడ్డాడు, కృష్ణుడు కళ్ళు తెరిచాడు. స్టేజీ మీద గంట నడిచే ఘట్టం, కాఫీ తాగినంతసేపట్లో అయిపోయింది. తాతయ్య ఏమీ అనలేదు. రాయబారం ఉందిగా అనుకున్నాడు. తర్వాత అదీ వచ్చింది. నితీశ్ భరద్వాజ్ ఐదు ఊళ్ళు అడిగాడు, దుర్యోధనుడు సూదిమొనంత కూడా ఇవ్వనన్నాడు, కట్టేయమన్నాడు, కృష్ణుడు పెరిగిపోయాడు, సభలో కళ్ళు జిగేల్మన్నాయి. ప్రకటనలు మొదలయ్యాయి.

"అయిపోయిందా?" అన్నాడు తాతయ్య.

"అయిపోయింది నాన్నా."

"జెండాపై కపిరాజు లేకుండానే?"

అత్తకు నవ్వు ఆగలేదు. ఆయనకు మాత్రం నిజంగానే బాధ కలిగింది. ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. భోజనాల దగ్గర, "వాళ్ళకు పద్యం లేదురా, ఏం చేస్తారు పాపం" అన్నాడు, ఉత్తరాది జనం మొత్తం మీద జాలిపడుతూ. కృష్ణుడు కుర్రాడు బాగున్నాడని ఒప్పుకున్నాడు. పశువుల డాక్టరు చదువు చదివినాయన అని అత్త చెబితే, "గోపాలుడే కదా, సరిపోయింది" అన్నాడు. ఆ సీరియల్ మొదలైన రోజుల్లో మన కృష్ణుడు హైదరాబాదులో ముఖ్యమంత్రి. అది ముగిసే 1990 జూన్ నాటికి ప్రతిపక్ష నాయకుడు. తాతయ్య దృష్టిలో ఆ మధ్యలో జరిగిన ఎన్నికలు కూడా ఉద్యోగపర్వంలో భాగమే.

ఇక్కడ నేను తాతయ్యతో విడిపోతాను. పద్యంలో రాయబారం వింటున్నప్పుడు మనం వినేది గాయకుణ్ణి. రాగం ఎటు వెళ్తుందో చూస్తాం, సంధి కుదురుతుందా లేదా అనే టెన్షన్ ఉండదు. సీరియల్లో కృష్ణుడు మాటమీద మాట పేరుస్తూ వాదించాడు, ఎక్కడో ఒకచోట దుర్యోధనుడు దిగొస్తాడేమో అని ఒక్క క్షణం అనిపించింది. తెలిసిన కథలో అలా అనిపించడం చిన్న పని కాదు. భీముడి శపథానికి పద్యం కావాలి, రాయబారానికి వచనమే మేలు.

2020 మార్చి 28న, లాక్‌డౌన్‌లో, దూరదర్శన్ రామాయణాన్ని మళ్ళీ మొదలుపెట్టింది. ఏప్రిల్ 16న ఒక్క ఎపిసోడ్‌నే 7.7 కోట్ల మంది చూశారని ప్రకటించింది. మహాభారతం డీడీ భారతిలో వచ్చింది. కూకట్‌పల్లి ఫ్లాట్‌లో కూర్చుని దాన్ని మొదటిసారి రంగుల్లో చూశాను. చూడకపోతే బాగుండేదేమో. ఆ కిరీటాల బంగారం బంగారంలా లేదు, పట్టుబట్టలు కళ్ళకు కొట్టాయి. మిల్లువాళ్ళ ఈసీ టీవీ ఆ లోపాలన్నిటినీ మా నుంచి దాచిపెట్టింది. 2010లో మాయాబజార్‌కి రంగులద్దినప్పుడూ నాకు ఇదే గొడవ. మార్కస్ బార్ట్లే పట్టిన నలుపు తెలుపు వెన్నెల ముందు ఏ రంగు నిలుస్తుంది?

యుద్ధం ఎపిసోడ్లు ఇప్పుడు చూడలేకపోయాను. ఒక బాణం అటు, ఒక బాణం ఇటు, మధ్యలో ఢీకొని మెరుపు, మళ్ళీ ఇంకో బాణం. అప్పట్లో వాటికోసమే వారమంతా ఎదురుచూశామంటే మా అమ్మాయి నమ్మలేదు. కానీ హరీశ్ భిమానీ గొంతుతో కాలచక్రం మాట్లాడటం మొదలుపెట్టగానే తనూ ఫోను పక్కన పెట్టింది. కథ చెప్పే పని కాలానికి అప్పగించడం ఆ సీరియల్ చేసిన అన్నిటికంటే తెలివైన పని. మనిషి చెబితే ఎవరో ఒకరి పక్షం వహించాల్సి వస్తుంది.

ఇంకోటి, భీష్ముడు. తెలుగులో ఎన్టీఆర్ భీష్ముడిగా 1962లోనే సినిమా ఉంది, మా ఊళ్ళో చూసినవాళ్ళు తక్కువ. మిగతా సినిమాల్లో భీష్ముడంటే తెల్లగడ్డంతో ఒక ఆసనంలో కూర్చుని "ఆహా" అనే పెద్దమనిషి. ముఖేశ్ ఖన్నా దగ్గర మాత్రం తండ్రి కోసం శపథం పట్టిన కుర్రవాడు నెలల తరబడి మా కళ్ళముందే ముసలివాడయ్యాడు. అందుకే ద్రౌపది అడిగినప్పుడు ఆయన నోరు పెగలకపోవడం అంతగా గుచ్చుకుంది. మూడు గంటల సినిమాకు అంత వ్యవధి ఎక్కడిది? కుంతి, గాంధారి, విదురుడు కూడా అంతే, 94 ఎపిసోడ్ల పొడుగు ఉంటేగానీ బయటపడని మనుషులు. సంబరానికి, వెటకారానికి, పౌరుషానికి మన సినిమాలే. తప్పు చేసి పెద్దరికం వెనక దాక్కునేవాళ్ళను చూడాలంటే సీరియల్.

ఇక మిగిలింది శకుని. దీనిమీద నాకూ మా తమ్ముడికీ ఏళ్ళ తరబడి తగాదా. వాడిప్పుడు న్యూజెర్సీలో ఉంటాడు, వారానికోసారి ఫోన్ చేస్తాడు, ఏదో ఒక వంకతో ఇక్కడికే తెస్తాడు. మాయాబజార్‌లో సీఎస్ఆర్ శకుని ఇద్దరికీ ఇష్టమే. కానీ సత్యపీఠం ఎక్కి నిజాలన్నీ కక్కేసే ఆ శకునిని చూసి నవ్వుకుంటాం తప్ప భయపడం. కాబట్టి ఆయన పోటీలో లేడు. తమ్ముడిది గుఫీ పేంటల్ పార్టీ. ఆ కుంటినడక, ఒక కన్ను మూసి చూడటం, 'భాంజే' అని మేనల్లుణ్ణి ముద్దుగా పిలవడం. చెల్లెల్ని గుడ్డివాడికి కట్టబెట్టారన్న కసి ఒక్కటే ఆయన శకునికి ఆధారం, దుర్యోధనుడి మీద ప్రేమ మాత్రం నిజం. నా ఓటు 1966 శ్రీకృష్ణ పాండవీయంలో ధూళిపాళకే. తండ్రి ఎముకలతో చేసిన పాచికలు చేతబట్టి, కౌరవవంశాన్ని లోపలి నుంచి తినేయడానికి వచ్చిన శకుని ఆయన. వ్యాసుడు అలా రాయలేదని తమ్ముడు అంటాడు. శశిరేఖ గురించీ వ్యాసుడు రాయలేదని నేనంటాను. పాచికలు వేయకముందే పందెం ఎవరిదో ధూళిపాళ మొహం చూస్తే తెలిసిపోతుంది, అది ఓవర్ యాక్షన్ అని వాడి చివరి అభ్యంతరం. తెలియాలి కదా మరి. చూసే మనందరికీ తెలిసి, ఎదురుగా కూర్చున్న ధర్మరాజుకు ఒక్కడికే తెలియకపోతేనేగా ఆ జూదం సీను పండేది.